కేడీయం పొగ

ఏ గదిలోకి వెళ్లినా కూర్చునే ముందు కిటికీ తెరుస్తానని మీరంతా నన్ను ఆటపట్టిస్తుంటారు. మొన్న తిరుపతిలో నగల తయారీ నేర్పే చోట మీకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే అక్కడా అదే పని చేశాను. అది ఏసీ గది. "తాతా, చల్లదనం పోతుంది" అంటూ ఒకమ్మాయి లేచి మూయబోయింది. నేను గట్టిగా కసిరాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. కసరడం నాకు తేలిక, చిన్నప్పటి నుంచీ అలవాటే. కారణం చెప్పాలంటే మాత్రం చాలా దూరం వెనక్కి పోవాలి, అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మీరిప్పుడు లేజర్ మిషన్ ముందు కూర్చుని, అద్దంలోంచి చూస్తూ, కాలితో మీట నొక్కి అతుకు వేస్తారు. చిటుక్కుమని ఒక మెరుపు మెరుస్తుంది, పని అయిపోతుంది. మా రోజుల్లో అతుకంటే నిప్పు, ఊదుగొట్టం, మా ఊపిరి. నోటితో ఊదుతూ మంటను సన్నగా వంచి, గొలుసులో ఒక్క కొండికి మాత్రమే తగిలేలా పంపాలి. పక్క కొండికి తగిలిందా, అది కూడా కరిగి ముద్దయిపోతుంది. జీవితమంతా అలా ఊదీ ఊదీ నా బుగ్గలు ఇలా వేలాడుతున్నాయి, మీరు వీటిని చూసి కూడా నవ్వుకుంటారని నాకు తెలుసు.

నేను చెప్పేది తొంభైల చివరి సంగతి. చిత్తూరులో ఒక నగల అంగడి వెనక, మేడ మీద ఉండేది మా పట్టెడ. పట్టెడ అంటే కంసాలులం కూర్చుని పని చేసే గది. ఒక తలుపు, ఒక కిటికీ, ఎప్పుడూ తిరగని ఒక ఫ్యాను. మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. మా నాయన దగ్గర తాళిబొట్లు చేయడం నేర్చుకుని, ఊళ్లో పని చాలక చిత్తూరు చేరాను. మామిడి కాలంలో మా ఊరి జనమంతా గుజ్జు ఫ్యాక్టరీల వైపు నడుస్తుంటే నేను ఒక్కణ్నే టిఫిన్ క్యారియరు పట్టుకుని చిత్తూరు బస్సు కోసం నిలబడేవాణ్ని.

ఫ్యాను ఎందుకు తిరగదంటే రజను ఎగిరిపోతుందని. ఆకురాయితో రాస్తే రాలే బంగారు పొడిని రజను అంటాం. అది ఒడిలో పరుచుకున్న తోలు మీద పడుతుంది, వేళ్లకు అంటుకుంటుంది, జుట్టులో చిక్కుకుంటుంది. సాయంత్రం పని దిగేముందు చాపలు దులిపి, నేల ఊడ్చి, ఆ చెత్తంతా డబ్బాలో దాచేవాళ్లం. చేతులు కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా కుండలో పట్టేవాళ్లం. చివరికి తల దువ్వుకుని ఆ దువ్వెనను కూడా విదిలించాలి. తలలో పేలున్నా లేకున్నా సాయంత్రం దువ్వెన తప్పేది కాదు. అవమానమని ఎవరమూ అనుకోలేదు, అది మా పనిలో భాగం.

బంగారం గురించి మీ పుస్తకాల్లో చాలా ఉంటుంది. తుప్పు పట్టదని, గాలితో నీళ్లతో పొత్తు పెట్టుకోదని, కొడితే రేకవుతుందని, లాగితే వెంట్రుకంత తీగవుతుందని, పన్నుకు తొడుగైనా కంప్యూటరులో తీగైనా దాన్నే వాడతారని. ఇవన్నీ నిజమే. మా నాయన నాకు మొదట నేర్పింది మాత్రం వేరు. బంగారం నిప్పులో తగ్గదు. సీసాన్ని కాలిస్తే బూడిదవుతుంది, రాగి నల్లబడి పొరలు రాలుస్తుంది, బంగారం కరిగి మళ్లీ గడ్డకట్టి లోపలికి పోయినంత బరువుతోనే బయటికి వస్తుంది. దీనికి మా వృత్తిలో ఉన్న అర్థం ఒక్కటే. నిప్పు తినలేదు కాబట్టి, తూకం తగ్గితే తిన్నది మనిషే అని.

ఆ పట్టెడలో నా పక్క పీట భాయ్‌ది. ఆయన పేరు ఇక్కడ రాయను, అందరమూ భాయ్ అనే పిలిచేవాళ్లం. చిత్తూరులోనే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం. వాళ్ల నాయన బంగారు రేకులు కొట్టేవాడట. తోలు పొరల మధ్య బంగారం ముక్క పెట్టి, రోజంతా సుత్తితో కొట్టి, వెలుతురుకు అడ్డం పెడితే అవతల ఆకుపచ్చగా కనిపించేంత పల్చటి రేకు తీసేవాడు. యునానీ మందుల్లోకి, మిఠాయిల మీదికి, దేవుడి పటాలకు ఆ రేకులు పోయేవి. ఎదురుగా గట్టిగా ఊపిరి వదిలితే రేకు ఎగిరిపోతుంది. అందుకని ఆ ఇంట్లో కిటికీలు మూసే ఉండేవి, పిల్లలకు దగ్గు వస్తే వీధిలోకి పోయి దగ్గి రావాలి. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి గాలి మీద నమ్మకం ఎట్లా ఉంటుంది? "గాలి దొంగముండ ఆచారీ, యాడ సందు దొరికితే ఆడ దూరతాది" అనేవాడు.

మిగతా విషయాల్లో సరదా మనిషి. నోట్లో ఎప్పుడూ తమలపాకు. రంజాను నెలలో ఉపవాసం ఉండి కూడా ఊదుగొట్టం దింపేవాడు కాదు, నేను మధ్యాహ్నం క్యారియరు విప్పడానికి మొహమాటపడితే "తిను అబ్బా, నీ సాంబారు వాసనకే నా రోజా ఇరగదులే" అని నవ్వేవాడు. ముక్కుతో ఊపిరి తీస్తూనే నోటితో ఆపకుండా ఊదడం నాకు నేర్పింది ఆయనే. మా నాయన నేర్పలేకపోయిన విద్య అది. నేను రెండు గొలుసులు అతికేలోపు నాలుగు అతికి, నా పీట మీద మిగిలినవి కూడా తన వైపు లాక్కునేవాడు.

అంగడి షావుకారు చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పకపోతే మీరు ఆయన్ను తప్పు పడతారు. మెత్తటి మనిషి, గొంతెత్తి మాట్లాడి ఎరగడు. పొద్దున బంగారం తూచి ఇచ్చేవాడు, సాయంత్రం నగ, ముక్కలు, రజను అన్నీ కలిపి తూచి తీసుకునేవాడు. అద్దాల పెట్టెలో ఉండే త్రాసు అది. పని అయ్యాక దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి తాళం వేసేవాడు. ఇంట్లో మనుషుల కన్నా ఆయన ఆ త్రాసునే ఎక్కువ నమ్మేవాడని మేం చాటుగా అనుకునేవాళ్లం.

అప్పటిదాకా మేం అతుకులకు వాడే పొడిలో రాగీ వెండీ కలిసేవి. అతుకులు ఎక్కువున్న నగను కొన్నేళ్ల తర్వాత కరిగిస్తే వన్నె తగ్గేది, కొన్నవాళ్లు వచ్చి తగాదా పెట్టుకునేవాళ్లు. అప్పుడు వచ్చింది కేడీయం. సీసంలా మెత్తగా, వెండిలా తెల్లగా ఉండే కడ్డీలు. బంగారంలో ఆ తెల్లది కలిపి అతుకు పొడి చేసుకుంటే, నగ ఎన్నిసార్లు కరిగించినా వన్నె తగ్గదన్నారు. ఎందుకు తగ్గదో చెప్పినవాళ్లు లేరు, అడిగినవాళ్లమూ లేము. వీధిలో ఒక్కో అంగడికీ బోర్డులు లేచాయి. మా షావుకారు కూడా పెద్ద అక్షరాలతో ఒకటి రాయించాడు.

పని చూపించడానికి కోయంబత్తూరు నుంచి ఒక పనివాణ్ని పిలిపించారు. అరవం తప్ప ఏమీ రాదు. అతను కుంపటి, మూస తీసుకుని నేరుగా మిద్దె పైకి ఎక్కాడు. బంగారం కరిగించే మట్టి గిన్నెను మూస అంటాం. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, గాలికి వీపు పెట్టి, బంగారం కరిగాక తెల్లది వేశాడు. గోధుమరంగు పొగ లేచి కొట్టుకుపోయింది. ఎండకు ఓర్చుకోలేక తువ్వాలు చుట్టుకున్నాడని మేం నవ్వుకున్నాం. భాయ్ ఒక్కడు నవ్వలేదు. బంగారాన్ని పట్టుకెళ్లి గాలిలో కరిగిస్తాడా ఈ మనిషి అని ఆయన ప్రాణం విలవిల్లాడింది. అతను ఊరికి పోయిన మరునాడే మూసను పట్టెడలోకి దింపి తన పీట ముందు పెట్టుకున్నాడు. కరిగించే పనిలో ఆయనది మంచి చెయ్యి కనుక ఆ పని ఆయనకే వచ్చింది.

మొదటిసారి నుంచే తూకం తగ్గింది. మూసలోకి పోయిన బంగారం, తెల్లది కలిపితే ఎంతో, బయటికి వచ్చిన ముద్ద అంత లేదు. షావుకారు మళ్లీ తూచాడు. త్రాసు తుడిచి మరోసారి తూచాడు. ఏమీ అనకుండా తాళం వేసి వెళ్లిపోయాడు. తర్వాతిసారీ అంతే, ఆ తర్వాతా అంతే. పాత పొడి ఎన్నేళ్లు చేసినా ఇలా ఎప్పుడూ జరగలేదు. మేం ఒకరి ముఖం ఒకరం చూడటం మానేశాం. ఎందుకంటే మాకందరికీ తెలిసింది ఒక్కటే, తగ్గితే తిన్నది మనిషే.

పక్క అంగళ్లలో అడిగి ఉండొచ్చు కదా అని మీరు అంటారు. వీధిలో పట్టెడలు వరసగా ఉన్నాయి, వాళ్లూ కేడీయమే చేస్తున్నారు. కానీ ఏ నోటితో అడుగుతాం? మా దగ్గర బంగారం తగ్గుతోంది అని ఒక్క మాట వీధిలో పడిందంటే ఆ పట్టెడలో పనివాళ్ల బతుకు అక్కడితో సరి, ఇంకెవరూ పని ఇవ్వరు. షావుకారుకూ అదే భయం, తన అంగట్లో దొంగలున్నారని కొనేవాళ్లు అనుకుంటారని. బహుశా వీధిలో ప్రతి పట్టెడలోనూ తూకం తగ్గుతూనే ఉండి ఉంటుంది, ప్రతివాళ్లూ మాలాగే నోరు మూసుకుని పక్కవాణ్ని అనుమానిస్తూ ఉండి ఉంటారు. ఇప్పుడు తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఒకరోజు సాయంత్రం షావుకారు మెల్లగా, ఎవరి ముఖమూ చూడకుండా, రేపటి నుంచి పట్టెడలో ఎవరూ తమలపాకులు వెయ్యకండి అన్నాడు. ఉమ్మిలో బంగారం దాటిపోతోందన్న అనుమానం, మాలో ఆకులు వేసేది ఒకే మనిషి. భాయ్ లేచాడు. చేతులు కడిగే కుండ దగ్గరికి పోయి, నోట్లో ఉన్నది దాంట్లోనే ఉమ్మి, నీళ్లు పోసుకుని పుక్కిలించి అవి కూడా అందులోనే ఊసి, "సూసుకోండి సావుకారూ" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆకు వెయ్యగా నేను చూడలేదు.

అప్పటి నుంచి భాయ్‌కు ఒకటే యావ, పోతున్న బంగారం ఎక్కడ పోతోందో పట్టుకోవాలి. కిటికీ సందులకు కాగితాలు అంటించాడు. తలుపు కింద తడి గోనె చుట్టి పెట్టాడు. నేల మీద తడిగుడ్డ పరిచాడు. మూస మీదికి వంగి, గాలి తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి కరిగించేవాడు. ఎన్ని చేసినా తూకం తగ్గుతూనే ఉంది.

పొడి చేసిన రోజు సాయంత్రం ఆయనకు చలి వచ్చేది. పళ్లు టకటకలాడేవి, నోట్లో తియ్యగా ఏదో లోహం రుచి అనేవాడు. మరునాటికి తగ్గిపోయేది. మిగతావాళ్లం కొంచెం దూరంలో కూర్చున్నా మాకూ తల పట్టేసినట్టు ఉండేది. వీధిలో దానికి కేడీయం జొరమని పేరు కూడా పెట్టేశారు. అరటిపండు, బెల్లం తింటే పొగ పట్టింది దిగిపోతుందని ఎవరో చెబితే పట్టెడలో బెల్లం ముద్ద తెచ్చి పెట్టుకున్నాం. బెల్లం మీద చీమలు పట్టాయి కానీ భాయ్ దగ్గు తగ్గలేదు.

ఒకసారి నేను ఉండబట్టలేక కాగితాలు చించి కిటికీ తెరిచాను. ఆయన పని ఆపి, లేచి వచ్చి మూశాడు. కోపంగా కూడా లేడు.

"నీకు గాలి కావల్నంటే మిద్దె పైకి పో ఆచారీ. నాకు నా పేరు కావల్ల" అన్నాడు.

వైశాఖ ముహూర్తాలు దగ్గర పడ్డాయి. గొలుసులకు బాగా గిరాకీ. సీజనుకంతటికీ సరిపడా అతుకు పొడి ఒకేసారి చేసుకోవాలి. అంత బంగారం ఒక్క దఫా కరిగించడం అదే మొదలు. ఆ పొద్దున భాయ్ షావుకారు ముందుకు పోయి ఒక మాట అడిగాడు. పట్టెడలో ఎవరూ ఉండొద్దు. తాను ఒక్కడే లోపల ఉంటాడు. షావుకారే బయటి నుంచి గడియ పెట్టాలి, అయ్యాక షావుకారే తియ్యాలి, తీసి తన ఒళ్లంతా వెతకాలి. తగ్గితే తనను దొంగ అనొచ్చు. తగ్గకపోతే ఇన్నాళ్లూ తగ్గింది తన వల్ల కాదని అందరి ముందూ చెప్పాలి.

షావుకారు ఇబ్బందిగా కదిలాడు. "ఎందుకు భాయ్ ఇదంతా, నేనేమన్నా అంటినా?" అన్నాడు.

"అన్లేదు సావుకారూ. అనింటే బాగుండు" అన్నాడు భాయ్.

చొక్కా విప్పి నాకిచ్చాడు. లుంగీ కూడా విప్పేసి షావుకారు ఇచ్చిన తువ్వాలు కట్టుకున్నాడు. మేం బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. గడియ పడింది. లోపలి నుంచి కాలితో తొక్కే తిత్తి చప్పుడు వినిపిస్తోంది, బుస్సు బుస్సుమని. అది కాసేపటికి నెమ్మదించింది, అంటే బంగారం కరిగింది, ఇప్పుడు తెల్లది వేస్తాడు. తర్వాత దగ్గు మొదలైంది. ఒకటి కాదు, ఆగని దగ్గు. నేను తలుపు దగ్గరికి పోయి పిలిచాను. "అయిపోతాండాది" అన్నాడు. మళ్లీ దగ్గు. నేను షావుకారు వైపు చూశాను. ఆయన కూడా లేచి గడియ మీద చెయ్యి వేశాడు.

ఆ చప్పుడు లోపలికి వినిపించింది. "తెరవద్దండి" అని అరిచాడు భాయ్. "ఇప్పుడు తెరిస్తే గాలికి పోయిందంటారు. నా మీదొట్టు, తెరవద్దండి."

షావుకారు చెయ్యి తీసేశాడు. ఆ మనిషి మాటను గౌరవించాలని మేమంతా అక్కడే నిలబడ్డాం. మూసను అచ్చులోకి వంచి, ముద్ద చల్లారాక, ఆయనే లోపలి నుంచి తట్టాడు. తలుపు తీస్తే గదంతా గోధుమరంగు మసక. భాయ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు బొంగురుపోయింది, కానీ నవ్వుతున్నాడు. ఆ సందుల నుంచి ఒక్క నలుసు కూడా పోలేదని ఆయన నమ్మకం.

తూచారు. అంతకు ముందు ఎప్పుడూ తగ్గనంత తగ్గింది.

భాయ్ నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు. దువ్వెన అడిగి తల దువ్వుకున్నాడు. తువ్వాలు విప్పి దులపబోతుంటే షావుకారు ముఖం తిప్పుకుని "చాలు భాయ్, ఇంటికి పో" అన్నాడు. తిట్టు కాదు, జాలి. భాయ్ తట్టుకోలేనిది అదే. నేను చొక్కా అందిస్తే తొడుక్కోకుండా భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

మరునాడు పొద్దున్నే భాభీ, అంటే ఆయన భార్య, కబురు పంపింది. సాయంత్రం మామూలు కేడీయం జొరమే అనుకున్నారట, తెల్లవారేసరికి ఊపిరి అందడం లేదు. చిత్తూరులో చూసిన డాక్టరు ఇక్కడ పెట్టుకోవడానికి లేదు, తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. బాడుగ కారులో నేనూ వెంట వెళ్లాను. దారి పొడుగునా ఆయన కూర్చునే ఉన్నాడు, పడుకుంటే గాలి ఆడదు. చంద్రగిరి కోట దాటుతుంటే కారు అద్దం పూర్తిగా దించమన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

తిరుపతిలో ఆయన్ను చూసిన డాక్టరు కుర్రవాడు, మంచివాడు. ఎక్స్‌రే చూసి, ఏం పని చేస్తాడని అడిగాడు. భాభీ "బంగారు పని" అంది. బంగారంతో ఊపిరితిత్తులకు ఏమీ కాదే అని ఆయన ఆలోచనలో పడ్డాడు. కాసేపాగి నన్ను పక్కకు పిలిచి, నిన్న ఏం పీల్చాడని అడిగాడు. మూసలోంచి వచ్చే పొగ అన్నాను.

"బంగారం మీ మంటకు పొగ కాదండీ. పొగ వచ్చిందంటే అది ఇంకోటి. అందులో ఏం వేశారు?" అన్నాడు.

తెల్లది అన్నాను, కేడీయం అన్నాను. ఆయన వెళ్లి పుస్తకం చూసి వచ్చాడు. ఆ పొగ పీల్చిన ఊపిరితిత్తులు లోపల కాలిపోయి నీరు పడతాయని, చేయగలిగింది చేస్తున్నామని, దీన్ని వెనక్కి తిప్పే మందు మాత్రం లేదని చెప్పాడు. నేను వార్డులోకి వెళ్లాను. భాయ్ ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. నన్ను చూసి అడిగింది ఒకటే మాట. "మళ్లా తూకమేసినారా?"

అక్కడ నాకు చేతనైన పని ఏమీ లేదు. చిత్తూరులో ఒక పని ఉంది. బస్సెక్కాను. పట్టెడకు పోయి షావుకారును మిద్దె పైకి పిలిచాను. రెండు చిన్న మూసలు. ఒకదాంట్లో ఉత్త బంగారం తూచి వేశాను, ఇంకోదాంట్లో ఉత్త తెల్లది తూచి వేశాను. గాలికి వీపు పెట్టి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కోయంబత్తూరు మనిషి కూర్చున్న చోటే కూర్చుని కాల్చాను. తెల్లది గోధుమరంగు పొగై లేచింది, లేస్తూనే ఉంది. చల్లారాక షావుకారే తన చేత్తో తూచాడు. బంగారం ఎంత వేశామో అంతే ఉంది. రెండో మూసలో అడుగున కాస్త మసి తప్ప ఏమీ లేదు.

నగ వన్నె ఎందుకు తగ్గడం లేదో అప్పుడు అర్థమైంది. తెల్లది నిప్పుకు లేచిపోతోంది, బంగారం ఒక్కటే మిగులుతోంది. షావుకారు పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు. తర్వాత లేచి కారు తాళాలు తీసుకున్నాడు.

భాయ్ ఆ మరునాడు పొద్దున పోయాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, మీరు వేరే ఆశ పెట్టుకోకుండా. షావుకారు ఖబరస్తాను దాకా నడిచి వచ్చి, అందరితో పాటు పిడికెడు మన్ను వేశాడు. పట్టెడ గోడకు పొగ లాగే ఫ్యాను పెట్టించాడు. అంగడి మీద కేడీయం బోర్డు మాత్రం ఇంకా కొన్నేళ్లు ఉంది, గిరాకీ దానికే కదా. కొత్తగా వచ్చిన పనివాళ్లు రజను పోతుందని ఆ ఫ్యాను ఆపేసి పని చేస్తుంటే నేను వాళ్లతో గొడవ పడి, పడి, చివరికి అక్కడ మానేశాను. వీధిలో ఇంకెందరు అలా పోయారో తెలియదు. న్యుమోనియా అని, క్షయ అని, తాగుడని రాసుకుని ఉంటారు. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు, ఏసీ గదిలో ఆ పిల్లను కసిరింది కూడా ఆ కోపమే.

ఇక షావుకారు కారులో మళ్లీ తిరుపతి పోయిన ఆ సాయంత్రం సంగతి ఒక్కటే మిగిలింది. మేం వార్డుకు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. భాభీ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. షావుకారు నేరుగా వచ్చి భాయ్ చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ వార్డులో అందరికీ వినిపించేలా చెప్పాడు.

"భాయ్, బంగారం తగ్గలేదు. ఒక నలుసు కూడా తగ్గలేదు. నా చేత్తో నేనే తూకమేసినా. పోయింది తెల్లది. అది పొగై పోయింది."

భాయ్ కళ్లు తెరిచాడు. నా వైపు చూశాడు, నిజమేనా అన్నట్టు. నేను తల ఊపాను. ఆయన ముఖంలో ఎన్నో నెలల బిగువు సడలింది. భాభీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆయన భుజాలు ఎగరేస్తూ ఊపిరి కూడదీసుకుని, అతుకు పరీక్షించే పనివాడు అడిగినట్టు, ఒక్కో మాటా విడివిడిగా అడిగాడు.

"కిటికీ మూసినా. తలుపు మూసినా. ఆ పొగంతా యాడికి పోయినట్టు ఆచారీ?"

మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, భాయ్ తన చెయ్యి షావుకారు చేతిలోంచి తీసుకుని ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"అట్లయితే తూకం సరిపోయిందప్పా" అన్నాడు. ఒట్టేసి చెబుతున్నాను, సంతోషంగానే అన్నాడు.

షావుకారు గబుక్కున లేచి వార్డు చివరికి పోయి, కిటికీ రెక్కలు రెండు చేతులతో పట్టుకుని బయటికి నెట్టసాగాడు. అది అప్పటికే బార్లా తెరిచి ఉంది.